సున్నా కంటే తక్కువ తూకం

నా చేతుల మీద మొదట పెరిగిన పిల్లలు ముగ్గురు. పెద్దోడు, నడిపోడు, చిన్నోడు. ముగ్గురూ ఇనప డబ్బాలే. పైకి చూస్తే ఒకే అచ్చులో పోసినట్టు ఉండేవాళ్ళు: అదే ఆకుపచ్చ రంగు, అదే ఎర్రంకెల అద్దం, అదే స్విచ్చి. లోపల మాత్రం ఒకరి గుణం ఒకరికి రాదు. ఆ ముగ్గురి చేత ఒక్క మాట చెప్పించడమే నా ఉద్యోగం. అంతకంటే గొప్ప ఉద్యోగం లోకంలో ఉంటుందని నాకప్పుడు తెలియదు. నిజం చెప్పాలంటే ఇప్పటికీ తెలియదు.

ఎనభైల చివర్లో సంగతి. జహీరాబాద్‌లో బొంబాయి రోడ్డు పక్కన, లారీ టైర్ల పంక్చర్ దుకాణానికీ చెరుకు రసం బండికీ మధ్య రెండు గదుల వర్క్‌షాపు ఉండేది. దాని యజమాని ఒకప్పుడు రేడియోలు బాగుచేసేవాడు. ఊరంతా సాబ్ అనేవాళ్ళు, నేనూ అదే అనేదాన్ని. చెరుకు బండ్లను తూచే ఎలక్ట్రానిక్ డబ్బాలు తయారుచేయాలన్నది ఆయన పిచ్చి. తూకం బల్ల కింద నుంచి ఒక తీగ వచ్చి డబ్బాకి తగిలితే బరువు అంకెల్లో కనబడాలి. ఈ వారం చిరాగ్‌పల్లి దగ్గర, వచ్చే వారం న్యాల్‌కల్ దగ్గర, చెరుకు ఎక్కడ కొంటే అక్కడికి డబ్బాని జీపులో వేసుకుని పోవాలి. జీపు బ్యాటరీతోనే నడవాలి.

ఇబ్బంది ఎక్కడ వచ్చిందంటే, డబ్బాలో మెదడులా పనిచేసే చిప్పులు మాకు కావలసినవి దొరికేవి కావు. దొరికినవే మాకు కావలసినవి అయ్యేవి. ఇక్కడి నుంచి అల్లం వేసుకుని బొంబాయి పోయే లారీ డ్రైవర్ ఒకాయన తిరిగొచ్చేటప్పుడు అక్కడి బజారులో ఏ ప్రాసెసర్ ఉంటే అది తెచ్చేవాడు. ఖాళీ అల్లం గోనెలో చుట్టి తెచ్చేవాడు కాబట్టి మా చిప్పులన్నీ అల్లం వాసన కొట్టేవి. ఒకసారి ఒక రకం, ఇంకోసారి ఇంకో రకం. అలా మూడు డబ్బాలకు మూడు జాతుల ప్రాసెసర్లు కుదిరాయి.

పెద్దోడు చదువుకున్న రకం. చెప్పింది చెప్పినట్టు చేస్తాడు, ఉరుకులూ పరుగులూ. నడిపోడు అంకెల్ని తిరగేసి దాచుకునే రకం, మనం ముందు పెట్టింది వాడు వెనక పెడతాడు. చిన్నోడికి ప్రోగ్రాం దాచుకునే జాగా అగ్గిపెట్టంత. నాలుగు మాటలు ఎక్కువ రాస్తే "పట్టదు" అని మొండికేసేవాడు. ముగ్గురికీ మూడు వేరు వేరు ప్రోగ్రాములు రాసుకుంటూ కూర్చుంటే నా బతుకు తెల్లారిపోతుంది. అందుకని సి భాషలో ఒక లైబ్రరీ కట్టుకున్నాను. లైబ్రరీ అంటే, అందరికీ అవసరమయ్యే చిన్న చిన్న పనుల మూట: అంకెను అక్షరంగా మార్చడం, భాగించడం, కాసేపు ఆగడం, అద్దం మీద చూపించడం. తూకం వేసే పై ప్రోగ్రాం ఒక్కటే. అది "భాగించు" అంటుంది. ఎలా భాగించాలో కింద నా లైబ్రరీ ఆ ప్రాసెసర్ గుణం చూసుకుని సర్దుకుంటుంది. తన కింద ఉన్నది పెద్దోడో చిన్నోడో ఆ పై ప్రోగ్రాంకి తెలియనే కూడదు. ఇవాళ మీ జేబులో ఫోన్ ఏ ప్రాసెసర్ మీద నడుస్తున్నా మీకు పట్టదు కదా, దాని అడుగున కూడా ఇలాంటి మూటే ఒకటి ఉంటుంది. దాన్ని కనిపెట్టుకుని ఉండే వాళ్ళను తలుచుకుంటే నాకు సొంత చుట్టాల్లా అనిపిస్తారు.

నాకు కోపం ఎక్కువ. ఒకడికి నచ్చేలా ఒక వరుస మారిస్తే ఇంకొకడు అలిగేవాడు. ఆ అలిగినవాణ్ణి బుజ్జగిస్తే మొదటివాడు చెడేవాడు. "నీ మొహం మండ, నిన్న మంచిగనే ఉంటివి గదరా!" అని పైకే తిట్టేదాన్ని. ఒకసారి గుమ్మంలో నిలబడి ఉన్న లారీ డ్రైవర్ ఆ తిట్లు తనకే అనుకుని, గోనె అక్కడే పడేసి వెళ్ళిపోయాడు. సాబ్ ఆయన వెంట రోడ్డు మీద పరుగెత్తి, "అరె భాయ్, నిన్ను కాదు, డబ్బాను!" అని పట్టుకొచ్చాడు. ముగ్గురూ ఒకే అంకె చూపించిన రోజు మాత్రం నేను కుర్చీలో గిర్రున తిరిగేదాన్ని, రసం బండి గంటలు నా కోసమే మోగుతున్నట్టు ఉండేది.

మా ఇంట్లో ఈ సంతోషం ఎవరికీ అంటలేదు. మాది చెరుకు పండించే ఇల్లు. తూకం అంటేనే మా నాయినకు అనుమానం, డబ్బా తూకం అంటే ఇంకా అనుమానం. ఆయన సంగారెడ్డిలో ఒక ఆఫీసులో నాకు టైపిస్టు ఉద్యోగం మాట్లాడిపెట్టాడు. సోమవారం చేరాలి, అక్కడే మేనత్త ఇంట్లో ఉండాలి. నేను ఏడ్చాను, అరిచాను, అన్నం మానేశాను. అన్నం మానేయడం మాత్రం ఒక్క పూటే. చివరికి ఆయన దిగొచ్చి ఒక మాటన్నాడు.

"శుక్రవారం షుగర్ ఫ్యాక్టరీ ఆఫీసర్ మీ డబ్బాలను చూస్తడంట గద. నా బండే తెస్త. మూడు డబ్బాలు ఒక్క మాట చెప్తే నువ్వు ఈడనే చేస్కో. ఒక్కటి తప్పినా సోమవారం బస్సెక్కాలె. మల్ల ఏడ్వద్దు."

"తప్పదు నాయినా," అన్నాను. ఒక నెల నుంచీ మూడింటినీ రకరకాల బరువులతో తూచి చూశాను. రాళ్ళు, అల్లం బస్తాలు, సాబ్, సాబ్ స్కూటర్. ఎన్నడూ తేడా రాలేదు. మూడు డబ్బాలూ నెగ్గితేనే ఫ్యాక్టరీ మా దగ్గర డబ్బాలు తీసుకుంటుంది. లేకపోతే సాబ్ మళ్ళీ రేడియోలకే పోవాలి. ఆ సంగతి ఆయన అనలేదు గానీ, పాత రేడియో సామాను దులిపి పెట్టుకోవడం నేను చూశాను.

శుక్రవారం పొద్దున చిరాగ్‌పల్లి దగ్గర కొనుగోలు కేంద్రంలో షామియానా వేశారు. ఒకటే తూకం బల్ల. దాని తీగను మూడు పాయలు చేసి, టేబుల్ మీద వరసగా కూర్చోబెట్టిన మూడు డబ్బాలకూ తగిలించాం. చుట్టుపక్కల రైతులంతా వచ్చారు. మా నాయిన ఎడ్లకు కొమ్ములు కడిగి, చెరుకు నిండుగా వేసుకుని బండి తోలుకొచ్చాడు. ఆఫీసర్ ఇంకా రాలేదు. కొత్త మిషన్ అన్నాక పూజ లేకుండా ఎలా అని ఊళ్ళోవాళ్ళు పంతులుగారిని పిలుచుకొచ్చారు. సాబ్‌కి అది మరీ సంతోషం. ఆయన డబ్బాల మీద చెయ్యి ఆన్చి బిస్మిల్లా అనుకుని, మిఠాయి డబ్బా తెరిచి, "పంతులుగారూ, మీది కూడ కానియ్యున్రి, రెండు దిక్కుల నుంచి దువా ఉంటె మంచిది," అన్నాడు.

పంతులుగారు తూకం బల్ల నట్టనడుమ పసుపు కుంకుమ పెట్టిన బూడిద గుమ్మడికాయను కూర్చోబెట్టి, పక్కన కొబ్బరికాయ పెట్టారు. మంత్రాలు చదివారు. హారతి వెలిగించి, డబ్బాల అద్దాలు నల్లగా ఉండడం చూసి ఆగిపోయారు.

"ఇదేంది సాబ్, మిషన్ నిద్ర పోతున్నదా? నిద్రపోయేటోళ్ళకు హారతి ఇస్తరా? లేపున్రి."

"ఇగో, లేపిన," అని సాబ్ టకటకా మూడు స్విచ్చులూ వేశాడు. మూడు అద్దాల మీద మూడు ఎర్ర సున్నాలు వెలిగాయి. జనం చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను, మీ మీద ఒట్టు. హారతి అయింది. గుమ్మడికాయను ఎత్తి డబ్బాలకు దిష్టి తీసి రోడ్డు పక్కన పగలగొట్టారు. కొబ్బరి ముక్కలు పంచారు. సరిగ్గా అప్పుడే ఆఫీసర్ జీపు దిగాడు.

స్విచ్చి వేయగానే డబ్బా చేసే మొదటి పని ఏమిటంటే, బల్ల మీద ఆ క్షణాన ఎంత బరువుంటే దాన్ని సున్నా అనుకోవడం. మా డబ్బాలకు గుమ్మడికాయా కొబ్బరికాయా కలిసి సున్నా. అవి బల్ల దిగిపోయాయి. ఇప్పుడు ఖాళీ బల్ల సున్నా కంటే తక్కువ.

ఆఫీసర్ టేబుల్ దగ్గరికొచ్చి కళ్ళజోడు సర్దుకున్నాడు. పెద్దోడు నాలుగు కిలోలు తక్కువ అని చూపిస్తున్నాడు. నడిపోడు అయిదు కిలోలు తక్కువ అంటున్నాడు. చిన్నోడు, నా బంగారు తండ్రి, ముప్పై రెండు వేల ఏడు వందల అరవై మూడు కిలోలు అని ధైర్యంగా వెలిగిపోతున్నాడు.

"బల్ల ఖాళీగనే ఉన్నది గద?" అన్నాడు ఆఫీసర్ మెల్లగా.

వెనక నుంచి ఒక రైతు ముందుకు తోసుకొచ్చాడు. "సార్, నా చెరుకు ఆ మూడో డబ్బాల తూకం వెయ్యున్రి! బండి కూడ అక్కరలేదు, నేను ఒక్క గడ తెస్త!"

ఇంకేముంది, షామియానా కింద ఒకటే నవ్వులు. "ఆ మూడో డబ్బాను మా ఇంటికియ్యున్రి," "మా ఆమెను ఎక్కియ్యి, ఏమంటదో చూద్దాం," అని ఎవరికి తోచింది వాళ్ళు. నాకు చెవుల దాకా మంట. కానీ చిన్నోడి ధీమా చూస్తే కడుపులోంచి నవ్వు తన్నుకొచ్చింది, ఆపుకోలేక దగ్గినట్టు నటించాను. తల తిప్పితే మా నాయిన కనబడ్డాడు. ఆయన నవ్వడం లేదు. ఎద్దు మెడ నిమురుతూ నా వైపే చూస్తున్నాడు. నా నవ్వు అక్కడే ఆగిపోయింది.

"స్విచ్చి తీసి మల్ల వేస్తే అంత మంచిగైతది సార్," అన్నాడు సాబ్. వేశాడు కూడా. మూడు సున్నాలు వచ్చాయి. ఆఫీసర్ కోప్పడలేదు, అదే ఎక్కువ భయం వేసింది.

"సాబ్, ఖాళీ బల్ల మీద మూడు మాటలు చెప్పినయి. నిండు బండి మీద ఒక్క మాట చెప్తె నేనెట్ల నమ్మాలె? రేపు ఎవరో గడ్డిమోపు మర్చిపోయి స్విచ్చి వేస్తరు. మీకు తెలుసు గాబట్టి సరే, రైతుకేం తెల్సు? నేను న్యాల్‌కల్ పోయి సాయంత్రం ఇదే తొవ్వన వస్త. అప్పటికి మూడు ఒక్కటి చెప్తె చూద్దాం."

తప్పు మాట ఏముంది అందులో? సాబ్ స్కూటర్ తీశాడు. డబ్బాలు అక్కడే ఉంచి, వాటికి కాపలా మా నాయినను పెట్టి, ఇద్దరం జహీరాబాద్ బయల్దేరాం. దారిలో చెరుకు లారీల వెనక దుమ్ము తింటూ నేను స్కూటర్ మీదే జబ్బు కనిపెట్టేశాను. ఎంత సంతోషం వేసిందంటే, "దొరికింది సాబ్!" అని ఆయన భుజం మీద గట్టిగా చరిచాను, స్కూటర్ రోడ్డు దిగి అల్లం మడి గట్టెక్కింది.

"బేటీ, పాణం ఉంటెనే గద ప్రోగ్రాం," అన్నాడు సాబ్ స్కూటర్‌ను వెనక్కి లాగుతూ.

సంగతి ఇది. మా డబ్బాలు లోపల అర కిలోల్లో లెక్క పెట్టుకుంటాయి, బయటికి కిలోల్లో చూపిస్తాయి. అంటే సగం చేయాలి. పూజ సామాను తొమ్మిది అర కిలోలు. సున్నాకు పైన తూచేటప్పుడు తొమ్మిదిలో సగం ముగ్గురికీ నాలుగే, మిగిలిన అరను ముగ్గురూ వదిలేస్తారు. సున్నా కిందికి దిగితే మాత్రం ఎవరి పద్ధతి వాళ్ళది. మైనస్ తొమ్మిదిని సగం చేయమంటే పెద్దోడు సున్నా వైపు జరిగి నాలుగు అంటాడు, నడిపోడు ఇంకా కిందికి జరిగి అయిదు అంటాడు. చిన్నోడికి అసలు మైనస్ అన్న మాటే తెలియదు. సున్నా కిందికి దిగితే గిర్రున తిరిగి పై కొసకు, అరవై అయిదు వేల చిల్లరకు పోయి కూర్చుంటాడు, అందులో సగం చూపిస్తాడు. ఇన్నాళ్ళూ మేం బల్ల మీద ఎక్కించి చూశామే గానీ, దించి చూడలేదు. ఏమీ లేనిదాని కంటే తక్కువ ఏముంటుందని ఎవరూ అనుకోలేదు. దానికి గుమ్మడికాయ కావలసి వచ్చింది.

వర్క్‌షాపులో కరెంటు ఉంది. అదే పెద్ద అదృష్టం. కంప్యూటర్ ముందు కూర్చుని లైబ్రరీలో భాగించే పనిని కొత్తగా రాశాను. ఇక ప్రాసెసర్ల ఇష్టానికి వదలను. ఇంట్లోకి వచ్చేవాళ్ళు చెప్పులు గుమ్మం బయట విడుస్తారు కదా, అలాగే అంకె లోపలికి రాగానే దాని మైనస్ బయట విడిచేయాలి. లోపల మామూలు అంకెగా సగం చేసుకోవాలి. పోయేటప్పుడు ఎవరి మైనస్ వాళ్ళు తొడుక్కుని పోవాలి. ఇలా చేస్తే ముగ్గురికీ ఒకటే లెక్క. పెద్దోడికీ నడిపోడికీ వెంటనే కుదిరింది. చిన్నోడికి ఎప్పటిలాగే జాగా చాలలేదు. వాడి అద్దం మీద స్విచ్చి వేయగానే, సున్నాకు ముందు ఒక్క క్షణం ఇంగ్లీషు అక్షరాల్లో "నమస్తే" అని మెరిసేటట్టు నేను ముచ్చటపడి రాసుకున్న ముక్క ఒకటి ఉండేది, అది తీసేశాను. నమస్తే పోయింది, మైనస్ పట్టింది. సాబ్ ఎదురు హోటల్ నుంచి లుక్మీలు తెచ్చి ఒకటి నా నోట్లో పెట్టాడు, రెండు చేతులూ కీబోర్డు మీదే ఉన్నాయి. ప్రోగ్రాం నింపిన కొత్త మెమొరీ చిప్పులు మూడూ దూదిలో చుట్టుకుని మళ్ళీ స్కూటర్ ఎక్కాం.

మేం చేరేసరికి జనం కదలలేదు సరికదా, ఇంకా పెరిగారు. మా నాయిన టేబుల్ ముందు చేతులు కట్టుకుని నిలబడి ఎవరినీ డబ్బాలు తాకనివ్వలేదు. "మొదటిది ఏమంటున్నది, మూడోది ఏమంటున్నది అని పొద్దటి నుంచి అందరు నన్నే అడుగుతున్నరు. నాకేం తెల్సు?" అని విసుక్కున్నాడు. చిప్పులు మార్చి మూతలు బిగించేసరికి ఆఫీసర్ జీపు రోడ్డు దిగింది.

ముందు నాయిన బండి ఎక్కింది. మూడు అద్దాలూ ఒకటే అంకె. నాయిన ఒక్కొక్కదాని ముందు ఆగి, పెదాలు కదుపుతూ మూడుసార్లు చదువుకున్నాడు.

"బండి సంగతి సరే," అన్నాడు ఆఫీసర్ బండి బల్ల దిగాక. "పొద్దటి ఆట చూపున్రి. గుమ్మడికాయేది?"

అందరం రోడ్డు పక్కకు చూశాం. పగిలిన గుమ్మడికాయను మా ఎడ్లు ఎప్పుడో తినేశాయి. ఒకటి ఇంకా నెమరేస్తోంది. రాయి పెడదామని ఒకరు, సాబ్‌ని ఎక్కిద్దామని ఒకరు. నాయిన నా జబ్బ పట్టుకుని బల్ల వైపు నడిపించాడు.

"ఇది చేసిన డబ్బాలు. ఇదే ఎక్కాలె."

నేను ఎక్కి నడుమ నిలబడ్డాను. సాబ్ స్విచ్చులు తీసి మళ్ళీ వేశాడు. మూడు సున్నాలు. "పిల్లకు బరువే లేదురో!" అని ఎవరో అరిచారు. నాకూ అలాగే ఉంది, గాలిలో ఉన్నట్టు. సోమవారం బస్సు గుర్తొచ్చింది. మేనత్త ఇల్లు గుర్తొచ్చింది. కళ్ళు మూసుకుని దిగాను.

పెద్దోడు వెంటనే చెప్పాడు: మైనస్ నలభై రెండు. నడిపోడు ఒక క్షణం ఆగి అదే చెప్పాడు. చిన్నోడు అద్దం నల్లగా చేసుకుని ఆలోచనలో పడ్డాడు. "చెప్పురా," అన్నాను. చిన్నోడు ముందు ఒక చిన్న గీత వెలిగించాడు. తర్వాత నలభై. తర్వాత రెండు.

సాబ్ ఎగిరి గంతేశాడు, ఆ వయసులో. నేను పంతులుగారి చేతులు పట్టుకుని ఊపేశాను, ఆయన బిత్తరపోయారు. జనం "నన్ను దించున్రి, నన్ను దించున్రి" అని బల్ల ఎక్కడానికి తోసుకుంటున్నారు. అందరికీ సున్నా కంటే తక్కువ కావాలని సరదా. ఆఫీసర్ మొదటిసారి నవ్వి, "ఈ సీజన్ మొత్తం ఈ మూడు నా తాన్నే తిరగనియ్యున్రి సాబ్, ఇంకెన్ని చేస్తరో చెప్పున్రి," అన్నాడు.

నాయిన ఈ గోలలో కలవలేదు. టేబుల్ దగ్గరే ఉండి, ఇంకా వెలుగుతున్న ఆ అంకెనే చూస్తున్నాడు.

"బిడ్డా, గీ ముందటి గీత ఏంది?"

"తక్కువ అని నాయినా. నేను దిగిపోయిన గద, బల్ల మీద అంత తక్కువైందని."

"నువ్వు పోతే గింత తక్కువైతదన్నట్టు."

"ఆ."

ఆయన మళ్ళీ మూడు డబ్బాలూ వరసగా చూశాడు. మూడూ అదే చెప్తున్నాయి. తువ్వాలతో మొహం తుడుచుకుని, ఎడ్ల వైపు తిరిగి బండి కట్టడం మొదలుపెట్టాడు.

"నలభై రెండేనా? మూడు ఒక్క తీరుగ చెప్తున్నయంటె నిజమే అయ్యుంటది. జర తినాలె బిడ్డా నువ్వు. సంగారెడ్డిల ఎవరు పెడ్తరు నీకు? నువ్వు రావని మీ మేనత్తకు నేను చెప్త గని, బండెక్కు, ఇంటికి పోదాం."